పదిహేడో మైనం

ఆ రోజు మా ఇంట్లో గొడవ పెరుగు దగ్గర మొదలైంది.

"పాలు చల్లారిపోయాక తోడేసుంటావు. లేకపోతే వరసగా మూడు రోజులు తోడుకోకపోవడమేంటి?" అన్నారు మా అత్తగారు, గిన్నె వంచి చూపిస్తూ. గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. నేను వేసిన తోడు అడుగున తెల్లటి చుక్కలా, వేసింది వేసినట్టే కూర్చుని ఉంది.

"వేలు పెట్టి చూసే వేశాను అత్తయ్యా. గోరువెచ్చగానే ఉన్నాయి."

"నీ వేలికి తెలిసిందేమో గానీ పాలకి తెలీలేదు."

ఇంకో విషయంలో అయితే నవ్వి ఊరుకునేదాన్ని. ఈ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్లుగా పెరుగు తోడు పెడుతున్నది నేనే. ముసురు పట్టిన రోజుల్లో కూడా ఎప్పుడూ తప్పలేదు. అలాంటిది మే నెలలో, బెజవాడలో, పాలు గంటసేపు గట్టు మీద ఉంటే వాటంతట అవే విరిగిపోయే ఎండల్లో తోడుకోకపోవడమా! నాకు నిజంగానే కోపం వచ్చింది.

"నిన్న తోడు మార్చాను. పక్కింటావిడ దగ్గర తెచ్చి వేశాను. మొన్న గిన్నె మార్చాను. ఇంకేం మార్చమంటారు, నన్నా?"

"అమ్మో, మాట చూడు!"

భోజనానికి షెడ్డు నుంచి వచ్చిన మా ఆయన మురహరి మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశారు. "దీనికింత రాద్ధాంతమా? కొట్లోంచి ప్యాకెట్ తెప్పిస్తే పోయె."

"ప్యాకెట్ పెరుగా!" అన్నాం నేనూ అత్తయ్యా ఒకేసారి. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటే.

మా అమ్మాయి శర్వాణి ఇదేమీ పట్టించుకోలేదు. భుజాల మీద శాలువా సర్దుకుని, "నాకు పెరుగొద్దులే అమ్మా. చారు వేడిగా ఉంటే ఇంకొంచెం అన్నం పెట్టు" అంది. అప్పటికే రెండుసార్లు పెట్టాను. మూడోసారి పెట్టాను.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కూడా వేడిగాలి విసిరే వేళ, ఇరవై ఆరేళ్ల పిల్ల శాలువా కప్పుకుని వేడి చారు తాగుతోంది. మేమేమో పెరుగు గురించి పోట్లాడుకుంటున్నాం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఆటోనగర్‌లో మాది లారీలకు బాడీలు కట్టే షెడ్డు. మా మామగారి నాటిది. చెక్క, ఇనుప రేకు, రంగు, సుత్తి చప్పుడు, అదే మాకు తెలిసిన లోకం. శర్వాణి లోహాల గురించి చదువుకుని వచ్చి, ఆ షెడ్డులో ఓ మూల బల్ల వేసుకుని, స్పోర్ట్స్ కారు తయారు చేస్తానంది. వీధి వీధంతా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. మూడేళ్లుగా వచ్చిన లారీల్లో సగం పక్క షెడ్లకు పంపేసి, కూతురితో పాటు ఆ కారు మీదే కూర్చున్నారు.

ఇద్దరు మాత్రమే కూర్చునే కారు. ఇంజను సీట్ల వెనకే ఉంటుంది. పైకప్పు తీసి పక్కన పెట్టేయవచ్చు. ముచ్చటగానే ఉంటుంది గానీ అలాంటి కారుకు రెండు జబ్బులట. మొదటి జబ్బు ఏమిటో ఫిబ్రవరిలో నేను క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లిన రోజు మస్తాన్ చూపించాడు. మా మామగారి కాలం నుంచీ ఉన్న వెల్డరు అతను. కారు ఒక చక్రం కింద జాకీ పెట్టి ఎత్తి, "ఇప్పుడు తలుపు తియ్యండమ్మా" అన్నాడు.

లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు.

"చూశారా? పైకప్పు లేని బండంటే మూత లేని అట్టపెట్టె లెక్క. ఒక మూల ఎత్తితే బండంతా మెలిపడుద్ది. స్పీడు మీద మలుపు తిప్పినా ఇదే అయిద్ది."

రెండో జబ్బు వేడి. అరగంట ఇంజను తిప్పి ఆపాక లోపల తల పెట్టి చూశాను. పొయ్యి మీదున్న ఇడ్లీ పాత్ర మూత తీసినట్టయింది. యాభై రెండు డిగ్రీలు అని థర్మామీటరు చూసి చెప్పింది శర్వాణి. మెలిపడకుండా కమ్మీలు వేస్తే బరువు పెరుగుతుంది. వేడి రాకుండా మందపాటి అట్టలు వేసినా బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఇక అది స్పోర్ట్స్ కారెందుకవుతుంది? రెండు జబ్బులకూ ఒకే మందు కావాలని తన పట్టుదల.

శర్వాణి తన బల్ల దగ్గర కలుపుతూ వచ్చిన ఆ మందు పదిహేడోసారి కుదిరింది. చూడటానికి గోధుమరంగు మైనంలా ఉండేది. షెడ్డులో అందరూ దాన్ని పదిహేడో మైనం అనేవారు. కారు చట్రంలోని ఇనుప గొట్టాలన్నిటిలో అది నింపారు.

"ఇది వేడిని బయటికి తోలదు నాయనమ్మా, తినేస్తుంది" అని ఇంట్లో అత్తయ్యకు వివరించింది శర్వాణి. "తిన్న వేడితో లోపలి రేణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయి. ఎంత తింటే అంత గట్టిగా."

"మరి ఆకలి తీరదా దానికి?"

"అదే దాని గొప్ప. తీరదు."

మార్చిలో మళ్లీ వెళ్లి చూశాను. మస్తాన్ జాకీతో చక్రం ఎత్తాడు. చిటికెనవేలితో లాగితే తలుపు తెరుచుకుంది. బయట ముప్పై ఎనిమిది, ఇంజను గంట నుంచి తిరుగుతోంది, కారు లోపల ఇరవై ఏడు. ఏసీ లేదు. మా ఆయన గర్వంగా పాత గుడ్డతో కారు అద్దం తుడుస్తూ నిలబడ్డారు.

డ్రైవరు సీటులో ఇసుక బస్తా ఒకటి, దాని మీద ఇంకో చిన్న సంచి కూర్చుని ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"మనిషికి బదులమ్మా" అన్నాడు మస్తాన్. "యాభై కిలోల బస్తా ఒళ్లు, ఐదు కిలోల సంచి తలకాయ. మా పెద్దాయన నాటి నించి ఏ బండి కట్టినా బరువు చూసేది ఇసుకతోనే. బస్తా అయితే టీ అడగదు, నడుం నొప్పనదు, బీడీకి బయటికి పోదు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నెల పరీక్షలన్నీ ఆ బస్తాతోనే జరిగాయి.

ఏప్రిల్ నుంచి బస్తాను దించేసి శర్వాణి నడపడం మొదలుపెట్టింది. రోజూ పావుగంట, అరగంట. నా మైనం, నేనే కూర్చోవాలి అనేది. హాయిగా ఉందమ్మా, చెట్టు నీడలో కూర్చున్నట్టుంది అనేది. అప్పటి నుంచే మూడుసార్లు అన్నం తింటోంది. అయినా జాకెట్లు వదులయ్యాయి. స్నానానికి వేడినీళ్లు పెట్టమనేది. గోళ్లు కాస్త నేరేడు రంగులో కనిపించేవి. రక్తం తక్కువైందనుకుని ఖర్జూరాలు తినిపించాను. పని ఒత్తిడి అనుకున్నాను. చూశాను, ప్రతిదీ చూశాను, దేన్నీ దేనితోనూ కలపలేదు.

పెరుగు మాత్రం ఊరుకోనివ్వలేదు. అత్తయ్య మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. సాయంత్రం వంటింటి గట్టు సర్దుతూ పాలగిన్నె కింద ఉన్న పలక తీశాను. నాలుగు రోజుల క్రితం శర్వాణి షెడ్డు నుంచి తెచ్చిన నమూనా అది. పెద్ద పళ్లెమంత రెక్సిన్ సంచిలో పదిహేడో మైనం పలచగా పరిచి కుట్టేశారు. చదునుగా ఉంది కదా అని అత్తయ్య దాన్ని గట్టు మీద వేసి, పాలగిన్నె ఒక పక్క, టీ గిన్నె ఒక పక్క పెడుతున్నారు.

తుడుద్దామని గుడ్డ పెట్టి అదిమాను. పలక అంతా మెత్తగా వేలికి లొంగింది. పాలగిన్నె కూర్చున్న చోట మాత్రం గుండ్రంగా, రుబ్బురోలంత గట్టిగా ఉంది.

వింతగా అనిపించింది. టీ గిన్నె పొయ్యి మీద నుంచి దించి సలసల మరుగుతుండగానే అక్కడ పెడతాం. వేడి తిని గట్టిపడే వస్తువైతే ముందు గట్టిపడాల్సింది టీ గిన్నె చోటు. అదేమో మెత్తగా ఉంది. గోరువెచ్చటి పాలు కూర్చున్న చోటు రాయైంది.

పాలు రెండు గిన్నెల్లో సమంగా పోశాను. రెంటిలోనూ ఒకే చెంచాతో ఒకే తోడు. ఒకటి పలక మీద, ఒకటి చెక్కపీట మీద పెట్టాను. తెల్లారి చూస్తే పీట మీది గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా తోడుకుంది. పలక మీది గిన్నెలో పాలు, అడుగున చుక్క.

"నా వేలు బాగానే ఉందత్తయ్యా" అని రెండు గిన్నెలూ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ రెంటినీ చూసి, "ఆ పలకని నా వంటింట్లోంచి తీసెయ్యి" అన్నారు. ఓడిపోయానని ఆవిడ చెప్పే పద్ధతి అది.

శర్వాణితో చెప్పాలని చూశాను. మర్నాడే పెద్ద పరీక్ష. ఉత్తరాది కంపెనీ ఒకటి ఈ కారు తీసుకుని తయారు చేస్తామంది. వాళ్ల మనుషుల ముందు, ఊరవతల ఇంకా జనానికి తెరవని బైపాస్ రోడ్డు మీద, పది నుంచి రెండు దాకా నాలుగు గంటలు ఆపకుండా నడపాలి. "మైనం టీ గిన్నెని వదిలేసి పాలగిన్నెని పట్టుకుంది శర్వా" అంటే, "తర్వాత చూద్దామమ్మా, అన్నీ రాసి పెట్టు" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి తండ్రీకూతుళ్లూ మస్తానూ వెళ్లారు. పని అయ్యాక కూర్చుని, శర్వాణి చెప్పినట్టే రాయడం మొదలుపెట్టాను. టీ గిన్నె మరుగుతుంది, పది నిమిషాల్లో చల్లారుతుంది. పాలగిన్నె గుడ్డ చుట్టి ఉంటుంది, గంటల తరబడి ఒకే వెచ్చదనం. అంటే ఎక్కువ వేడి కాదు, నిలకడైన వేడి కావాలి దీనికి. ఎగిసిపడే వేడిని తింటుంది గానీ, నిలకడైనది దొరికితే ఇక దాన్నే పట్టుకుంటుంది.

ఇంట్లో నిలకడైన వేడి ఇంకేముందా అని చుట్టూ చూశాను. ఫ్రిజ్ వెనక పెట్టి చూద్దామా అనుకున్నాను. ఎందుకో పలక ముందుకు లాక్కుని ఎడమచెయ్యి దాని మీద ఆన్చి, కుడిచేత్తో పేపరు పట్టుకుని చదివాను. పలక చల్లగా ఏమీ లేదు. చెయ్యి హాయిగా ఉంది. అరగంట తర్వాత తీసి చూస్తే పలక మీద నా అరచెయ్యి అచ్చు, గీతలతో సహా, రాతిలో చెక్కినట్టు ఉంది.

జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి కుడి పిడికిట్లో పెట్టుకున్నాను. ముప్పై ఐదు చూపించింది. ఎడమ పిడికిట్లో పెట్టుకుంటే ఏ అంకె చూపించాలో తెలియక తక్కువ అని మాత్రం చూపించింది. వేళ్లు ముడవబోతే మాట వినలేదు. గోళ్లు నేరేడు రంగులో ఉన్నాయి.

ఆ రంగు నేను నెల రోజుల నుంచి చూస్తున్న రంగు.

ఇంజను వేడి ఎక్కుతుంది, దిగుతుంది. దానికీ సీటుకూ మధ్య వేడి ఆపే రేకు కూడా వేశారు. మరి కారులో నిలకడగా వెచ్చగా ఉండేదేమిటి? గొట్టాలు సీటు కింద, వీపు వెనక, రెండు తొడల పక్కన. ఇసుక బస్తా కూర్చున్నన్నాళ్లూ మైనానికి ఇంజనే దిక్కు. మనిషి కూర్చున్నాక ఇంజనుతో పనేముంది?

గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది.

మా ఆయనకు ఫోన్ చేశాను. తీయలేదు. మళ్లీ చేశాను. కంపెనీ వాళ్ల ముందు మోగకుండా పెట్టుకుని ఉంటారు. "అత్తయ్యా, తలుపేసుకోండి" అని థర్మామీటరు చేతిలో పట్టుకునే వీధిలోకి పరిగెత్తి ఆటో ఎక్కాను.

బైపాస్ దగ్గర టెంటు వేశారు. కంపెనీ మనుషులు నలుగురు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నారు. ఓ పక్క అంబులెన్సు. మా ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయి ఎదురొచ్చారు.

"నువ్వెందుకొచ్చావ్ ఇందూ? అంతా బ్రహ్మాండంగా ఉంది. బండి ఇంత గట్టిగా ఎప్పుడూ లేదు. గంట గంటకీ గట్టిపడుతోంది!"

"కారు ఆపండి."

"ఏంటీ?"

"అమ్మాయి ఒంట్లో వేడి తీసుకుంటోందండీ అది. ఆపండి."

"లోపల ఇరవై ఆరుంది. ఇదిగో, ఇక్కడ కనపడుతోంది చూడు. చల్లగా హాయిగా ఉంది పిల్ల."

"అది గాలి వేడి. అమ్మాయి వేడి ఎంత?"

ఆయన కంప్యూటర్ల వైపు తిరిగి చూశారు. ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. కారులో ఇరవై రెండు చోట్ల వేడి కొలిచే తీగలు పెట్టారు. మనిషికి ఒక్కటీ పెట్టలేదు.

నా ఎడమచెయ్యి తీసి ఆయన చెంపకు ఆన్చాను. ఆయన ఉలిక్కిపడ్డారు. గంట కావస్తున్నా, నలభై నాలుగు డిగ్రీల ఎండలో ఆటోలో వచ్చినా, అది ఇంకా మామూలు కాలేదు. ఆయన టెంటులోకి వెళ్లి వచ్చి వాకీటాకీ నా చేతిలో పెట్టారు.

"శర్వా, నేను అమ్మని."

కాసేపు గరగర చప్పుడు. "ఆఁ... అమ్మా." మాట పెదాలకు అంటుకుని వచ్చినట్టుంది.

"ఎలా ఉంది?"

"బానే... ఉంది. నిద్ర... హాయిగా."

"ఎన్నో చుట్టు తిరుగుతున్నావు?"

"ఆరు."

మా ఆయన వేళ్లు చూపించారు. పదిహేను.

ఆ తర్వాత ఆపమని మేమిద్దరం అరుస్తూనే ఉన్నాం. ఆఁ, ఆఁ అంటోంది గానీ ఆపడం లేదు. కంపెనీ మనిషి ఒకడు ఏదో అనబోయాడు. మస్తాన్ ఎవరినీ అడగలేదు. టెంటు పక్కనే ఉన్న మా షెడ్డు మినీ లారీ ఎక్కి, రోడ్డు మీదికి తీసుకెళ్లి, సగం రోడ్డుకు అడ్డంగా నిలబెట్టాడు. దిగి ఎర్రగుడ్డ ఊపుతూ ముందుకు పరిగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి.

కారు దూరాన కనిపించింది. వేగం తగ్గుతోందా లేదా అన్నది మొదట తెలియలేదు. తగ్గింది. మస్తాన్‌ను దాటి, లారీని దాటి, రోడ్డు అంచు దిగి, ఒక చక్రం గుంటలో, మూడు చక్రాలు పైన, అలా ఆగింది.

అంత వంకరగా ఆగిన కారు తలుపు చిటికెనవేలితో లాగితే తెరుచుకుంది.

శర్వాణి స్టీరింగ్ వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీశాం. "ఇంకా అవలేదు కదా" అంటోంది. అంబులెన్సులోని కుర్ర డాక్టరు జ్వరం కొలిచే యంత్రం పెట్టి చూసి, అది పాడైందనుకుని ఇంకోటి తెచ్చాడు. అదీ అదే చెప్పింది. ముప్పై మూడు పాయింట్ ఆరు.

"ఈ ఎండలో చలి కేసా?" అన్నాడు. అని, అంతలోనే కంబళ్లు తెమ్మని అరిచాడు.

అంబులెన్సులో ఒక్క కంబళే ఉంది. మస్తాన్ లారీ మీద కప్పే పట్టా తెచ్చి, టెంటు గుడ్డ తెచ్చి చుట్టాడు. మూడేళ్లుగా మేము లోపలికి రాకుండా తరిమిన ఎండ అది. ఆ రోజు ఆ ఎండలో కాగిన పట్టా వెచ్చదనమే నా కూతురి ఒంటికి ముందు తగిలింది. నేను పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రి దాకా మాట్లాడిస్తూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. పెరుగు గురించి కూడా చెప్పాననుకుంటాను.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మెల్లగా వేడెక్కించాలి, తొందరపడకూడదు అన్నారు. వెచ్చటి సెలైన్ పెట్టారు. ఇంకో గంట అలాగే నడిపి ఉంటే గుండె లయ తప్పేదని మా ఆయనతో చెప్పారు. ఆయన గోడ పక్కనే నేల మీద కూర్చున్నారు. షర్టుకు గ్రీజు, చేతిలో కారు తాళం.

సాయంత్రం నాలుగున్నరకు శర్వాణి కళ్లు తెరిచి నన్ను చూసింది. "అమ్మా, ఉక్కగా ఉంది. ఇన్ని దుప్పట్లెందుకు కప్పారు?" అంది.

దాని పైపెదవి మీద సన్నగా చెమట పట్టింది. కొంగుతో తుడిచాను. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచాను. నాకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. పక్క మంచం పేషెంటు వాళ్లావిడ మాత్రం, "ఫ్యానేస్తానుండండి, పిల్లకి ఉడికిపోతన్నట్టుంది" అని లేచింది. ఆ మాట అంత బాగుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

రాత్రికి కబురు పట్టుకుని మస్తాన్ వచ్చాడు. పిల్లను దించేసిన పావుగంటకు కారు దానంతట అదే సడలిపోయిందట. ఒక చక్రం గుంటలో ఉందేమో, మెలిపడి, ముందు అద్దం ఈ చివర నుంచి ఆ చివరకు పగిలిందట. తలుపు ఇక రాలేదట.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు తల దించుకుని. "ఇసుక బస్తాకి ఒళ్లు వెచ్చగా ఉండదు కదా. ఆ ముక్క తట్టలేదు."

"ఎవరికీ తట్టలేదు మస్తాన్. అందరం నవ్వాం" అన్నాను.

నాలుగో రోజు శర్వాణి ఇంటికి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మస్తాన్‌ను కూడా భోజనానికి రమ్మన్నాం. మామిడికాయ పప్పు, దొండకాయ వేపుడు చేశాను. శర్వాణి ఒక్కసారే అన్నం పెట్టించుకుంది. రెండోసారి గరిటె తీసుకెళితే, "చాలమ్మా, పొట్ట పగిలిపోద్ది" అని చెయ్యి అడ్డం పెట్టింది.

మా ఆయన పప్పు కలుపుతూ చెప్పారు. "కంపెనీ వాళ్లు నిన్న ఫోన్ చేశారు."

నేను గరిటె కింద పెట్టి కూర్చున్నాను.

"అంత గట్టి ఛాసిస్ వాళ్లెక్కడా చూళ్లేదట. జరిగింది సర్దుకోవచ్చంటున్నారు. నడిపేవాళ్లకి కరెంటుతో వెచ్చగా ఉండే కోటు ఒకటి ఇస్తే సరిపోతుందట."

"ముందు చలి పుట్టించే కారు చేసి, ఆనక కోటు తొడుగుతారా?" అన్నారు అత్తయ్య. "ఎవర్రా మురహరీ వాళ్లు? వాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టమను."

"అదే నేనూ అన్నానమ్మా." ఆయన గొంతు తగ్గింది. "కారుకొద్దు. కానీ దాన్ని పారేయడమెందుకు? చేపల లారీలున్నాయి కదా. లోడు కింద వేస్తే చేపలు చల్లగా ఉంటాయి, ఛాసిస్ గట్టిగా ఉంటది. ఐసు ఖర్చు తగ్గుద్ది. డ్రైవరు ముందు క్యాబిన్‌లో ఉంటాడు, వాడికేం కాదు."

మూడేళ్ల పని అది. ఆయన కళ్లలో మళ్లీ కాస్త వెలుగు వచ్చింది. నాకు చెప్పాలనిపించలేదు, కానీ చెప్పక తప్పలేదు.

"లోడు దించి తిరిగొచ్చేటప్పుడు అక్కడే క్లీనరు పడుకుంటాడు కదండీ."

ఆయన మస్తాన్ వైపు చూశారు. మస్తాన్ నిట్టూర్చి, "పడుకుంటాడు బాబూ. చేపల వాసనకి అలవాటు పడి అక్కడే పడుకుంటారు" అన్నాడు.

శర్వాణి మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "నాన్నా, నేను పొద్దున్నే కంపెనీకి రాసేశాను."

"ఏమని?"

"మైనం ఎవ్వరికీ ఇవ్వట్లేదని. ఎందుకివ్వమో కూడా రాశాను. అమ్మ రెండు గిన్నెలు, అమ్మ చెయ్యి, నా ముప్పై మూడు పాయింట్ ఆరు, అన్నీ. కాలేజీలో మా మేడమ్‌కి, ఇలాంటి వాటి మీద పని చేసే ఇంకో ఆరుగురికి కూడా అదే పంపించాను. రేపు ఇంకెవరన్నా ఇదే కనిపెట్టారనుకో, మనిషిని కూర్చోబెట్టే ముందు ఇది చదువుతారు. నిన్ను అడక్కుండా పంపాను. తిట్టాలంటే తిట్టు."

ఆయన తిట్టలేదు. పప్పన్నం ముద్ద చేతిలో అలాగే ఉంది.

"మరి కారు?" అన్నారు.

"కారు పూర్తి చేద్దాం. మైనం తీసేసి, మామూలుగా అడ్డకమ్మీలు వేయిద్దాం. తొంభై కిలోలు పెరుగుద్ది. స్పీడు తగ్గుద్ది. ఎవరూ మెచ్చుకోరు. లోపల వేడిగా కూడా ఉంటది."

"ఎంత?" అన్నాడు మస్తాన్.

"నలభై దాటుద్ది బాబాయ్."

"ఆటోలో కూర్చున్నట్టే కదా" అన్నారు అత్తయ్య. "బెజవాడ వాళ్లకి అదో లెక్కా?"

శర్వాణి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు వింటూ నేను మస్తాన్ కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాను. ఈ పిల్ల ఆ మైనాన్ని వదలదేమో, ఇంకోసారి, ఒక్కసారి అంటుందేమో అని నాలుగు రోజులుగా నేను నిద్రపోలేదు. అడగడానికి కూడా భయపడ్డాను.

మా ఆయన కూతురి వైపు చూశారు. దాని చేతి గోళ్ల వైపు చూశారు. తర్వాత మస్తాన్ వైపు తిరిగారు.

"గొట్టాలు ఏ చివర నించి కోస్తావు?"

"సీటు కిందవే ముందు బాబూ. రేపు పొద్దున్నే."

ఆయన తలూపి, అప్పటిదాకా వేళ్ల మధ్య తిప్పుతూ ఉన్న ముద్దను నోట్లో పెట్టుకున్నారు.